ముందు నాలుగు, వెనక నాలుగు: పాత సిటీ కారుకు ఇంటి దగ్గర స్పార్కు ప్లగ్గులు మార్చిన అనుభవం

మన దేశంలో 2003లో విడుదలై, తరువాతి కాలంలో డాల్ఫిన్ సిటీగా జనం నోళ్లలో నానిన హోండా సిటీ కారులో ఐ-డీఎస్ఐ అనే 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను ఉండేది. దానికి సిలిండర్లు నాలుగే అయినా స్పార్కు ప్లగ్గులు ఎనిమిది. ఒక్కో సిలిండరుకు రెండేసి చొప్పున, బానెట్ ఎత్తగానే కనబడేలా ముందు వరుసలో నాలుగు, ఇంజనుకు అవతలి పక్కన, అద్దం కిందికి చొచ్చుకుపోయిన చీకటి సందులో మరో నాలుగు ఉంటాయి. ఆ తరువాత వచ్చిన వీటెక్ రకానికి మామూలుగానే నాలుగు ప్లగ్గులు కాబట్టి, ఇక్కడ నేను చెప్పబోయేది దానికి వర్తించదు.

సిలిండరుకు రెండు ప్లగ్గులు పెట్టడం వింతేమీ కాదు. అదే 2003లో వచ్చిన బజాజ్ పల్సర్ డీటీఎస్-ఐ మోటారుసైకిలు నడిపినవారికి ఈ ఏర్పాటు తెలిసే ఉంటుంది. మంట ఒక మూల నుంచి మాత్రమే అంటుకుని అవతలి గోడ దాకా పాకేకన్నా, రెండు వైపుల నుంచీ అంటుకుంటే ఇంధనం తక్కువ వ్యవధిలో, పూర్తిగా కాలుతుంది. హోండావారు దీనికి మరో మెలిక కూడా చేర్చారు. ఇంజను వేగాన్నీ దాని మీద పడే భారాన్నీ బట్టి రెండు ప్లగ్గులూ ఒకసారి కొద్ది తేడాతో ఒకదాని వెంట ఒకటి, మరొకసారి రెండూ ఒకేసారి నిప్పురవ్వను పుట్టిస్తాయి. ఆ రోజుల్లో ఈ కారుకు మైలేజీలో దక్కిన మంచి పేరు వెనక ఈ జంట ప్లగ్గుల పాత్ర ఉంది.

అయితే ఈ ఏర్పాటులోనే ఒక చిక్కు కూడా దాగి ఉంది. మామూలు ఇంజనులో ఒక ప్లగ్గు పనిచేయకపోతే ఆ సిలిండరు మొత్తం చచ్చుబడి, బండి ఎగిరెగిరిపడుతూ నడుస్తుంది కాబట్టి లోపం ఎంతటి అజాగ్రత్తపరుడికైనా తెలిసిపోతుంది. ఇక్కడ వెనక ప్లగ్గు అరిగిపోయినా ముందు ప్లగ్గు నెట్టుకొస్తుంది. పికప్ కొద్దిగా తగ్గుతుంది, ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగులో సన్నని వణుకు తెలుస్తుంది, మైలేజీ నెమ్మదిగా జారుతుంది. కానీ బండి ఆగదు. ఆగదు కనుక వెనక నాలుగింటి జోలికి ఎవరూ పోరు. చేరుకోవడానికి కష్టమైన చోటు, చెడిపోయినా బయటపడని లోపం, ఈ రెండూ కలిసినప్పుడు ఆ పని జరగకుండానే జరిగినట్టు బిల్లులో ఎక్కడానికి మార్గం ఏర్పడుతుంది.

నా కారు 2006 నాటిది. రెండో యజమానిగా కొన్నాను. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను మరో అయిదేళ్లకు పొడిగించుకుని నడుపుకుంటున్నాను. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర వేసవి మధ్యాహ్నం ఏసీతో ఆగి ఉన్నప్పుడు ఇంజను కుదురుగా ఉండేది కాదు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు ఉరికే బదులు ఒక్క క్షణం తడబడేది. ఎయిర్ ఫిల్టరు మార్పించాను, ఇంజనులోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను, అయినా వణుకు పూర్తిగా పోలేదు. మొదటి యజమాని భద్రంగా దాచి ఇచ్చిన బిల్లుల కట్ట తిరగేస్తే, అంతకు కొంతకాలం ముందే ఎనిమిది ప్లగ్గుల ధరా, ఎనిమిదింటిని మార్చిన కూలీ చెల్లించినట్టు ఒక వర్క్‌షాపు రసీదు కనిపించింది. దాని ప్రకారమైతే ప్లగ్గులు ఇంకా కొత్తవే అయి ఉండాలి.

ఆటోనగర్‌లో నాకు పరిచయమున్న ఒక మెకానిక్‌ను అడిగాను. ఆయన మొహమాటం లేకుండా ఉన్న మాట చెప్పాడు. "ఇంకో చోట ఏం చేశారో నాకు తెలీదు గానీ సార్, ఈ మోడల్‌కి వెనక నాలుగూ ముట్టుకునేవాళ్లు తక్కువ. వైపర్లు పీకాలి, వాటి కింద ప్లాస్టిక్ కౌల్ తీయాలి, దాని కింద రేకు విప్పాలి. పాత క్లిప్పులు విరిగితే కస్టమరు మమ్మల్నే అంటాడు. ముందు నాలుగూ మార్చేసి పంపిస్తారు." రద్దీ వేళ కాకుండా వస్తే తాను చేసిపెడతానని కూడా అన్నాడు. ఆయన నిజాయతీ మీద నాకు అనుమానం లేదు. అయినా విషయం విన్న తరువాత ఆ వెనక నాలుగింటినీ నా కళ్లతో చూసి, నా చేతులతో బయటికి తీయాలన్న పట్టుదల కలిగింది. పైగా ఇది ఇంజను విప్పే పని కాదు; బోల్టులు విప్పి బిగించడం తెలిసి, తొందరపడని స్వభావం ఉంటే ఇంటి దగ్గర చేయదగిన పనే.

ప్లగ్గుల ఎంపిక గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు నికెల్ ప్లగ్గులు రకాన్ని బట్టి ఇరవై నుంచి నలభై వేల కిలోమీటర్ల దాకా బాగా పనిచేస్తాయి. ఇరిడియం ప్లగ్గులో రవ్వ పుట్టే మధ్య ముల్లు (ఎలక్ట్రోడు) సన్నగా, చాలా గట్టి లోహంతో ఉంటుంది కనుక అవి లక్ష కిలోమీటర్ల దాకా నిలుస్తాయని తయారీదారులు చెబుతారు. ధర మాత్రం నాలుగైదు రెట్లు ఉంటుంది. సులువుగా చేతికందే ప్లగ్గులున్న కారుకైతే నేను నికెల్‌వే కొనేవాణ్ని. ఇక్కడ ఖర్చంతా ప్లగ్గులో లేదు, దాన్ని చేరుకునే శ్రమలో ఉంది. కాబట్టి ఒకసారి కౌల్ విప్పాక మళ్లీ చాలాకాలం దాని ముఖం చూడనక్కరలేకుండా ఎనిమిదీ ఇరిడియంవే తీసుకున్నాను. ముందు వరుసకు నికెల్, వెనక వరుసకు ఇరిడియం వేసి డబ్బు మిగుల్చుకోవచ్చు కదా అని దుకాణదారు సూచించాడు. ఒకే సిలిండరులో రెండు రకాల ప్లగ్గులు పెట్టడం, ఏది ఎప్పుడు మార్చాలో గుర్తుపెట్టుకోవడం నాకు సమ్మతం కాలేదు.

నకిలీ ప్లగ్గులు మార్కెట్లో విరివిగా తిరుగుతున్నాయి కనుక, పెట్టె మీది అచ్చును, పింగాణీ మీది అక్షరాలను, ప్లగ్గు చివర ముల్లు సరిగ్గా మధ్యలో ఉన్నదీ లేనిదీ చూసుకుని, బిల్లుతోనే కొనాలి. ప్లగ్గు సంఖ్య విషయంలో కారుతో వచ్చిన పుస్తకం చెప్పిందే ప్రమాణం. దుకాణాల్లో సిటీ అనగానే వీటెక్ ప్లగ్గులు చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. ఎన్జీకే వంటి కంపెనీల సంఖ్యల్లో చివర 11 అని ఉంటే, రెండు ముళ్ల మధ్య ఖాళీ 1.1 మి.మీ. అని అర్థం. నా ఇంజనుకు కావలసింది 1.0 నుంచి 1.1 మి.మీ. ఇరిడియం ప్లగ్గు ఖాళీని మనం వంచి సర్దకూడదు. ఖాళీని కొలిచే ఫీలర్ గేజిని దూర్చినా సన్నని ముల్లు విరిగే అవకాశం ఉంది కనుక, కంటితో పోల్చి చూసి, ఏదైనా కింద పడి వంకరపోయినట్టు కనిపిస్తే వాపసు ఇవ్వడమే మేలు.

పనిముట్లలో ముఖ్యమైనది 16 మి.మీ. ప్లగ్గు పాన, లోపల ప్లగ్గును పట్టి ఉంచే రబ్బరో అయస్కాంతమో ఉన్నది కావాలి. దానికి తోడు పొట్టిదీ పొడుగుదీ రెండు ఎక్స్‌టెన్షన్ రాడ్డులు, మెడ తిరిగే యూనివర్సల్ జాయింటు, 10 మి.మీ. పాన, బిగింపు బలాన్ని చూపే టార్క్ రెంచి, తలకు కట్టుకునే లైటు, పిడి ఉన్న చిన్న అద్దం, సైకిలు పంపు సిద్ధం చేసుకున్నాను. కౌల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని అదనంగా ఆటోనగర్‌లోనే దొరికాయి. ఇన్నేళ్ల ఎండకు పెళుసెక్కిన క్లిప్పులు విరగక మానవు. వాటి కోసం ఆదివారం మధ్యాహ్నం మూసేసిన దుకాణాల చుట్టూ తిరగడం కన్నా ముందే కొనిపెట్టుకోవడం నయం.

ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే ప్లగ్గులు విప్పాలి. ప్లగ్గులు బిగించి ఉండే సిలిండరు హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు ఒళ్లు ఉక్కుది. వేడిగా ఉన్నప్పుడు విప్పబోతే మెత్తని అల్యూమినియం మరలు (థ్రెడ్లు) ప్లగ్గుతో పాటే ఊడి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే బండిని రాత్రంతా నీడలో నిలిపి, తెల్లవారుజామునే మొదలుపెట్టాను. విజయవాడ ఎండలో తొమ్మిది దాటాక బానెట్ మీద చెయ్యి పెట్టలేమన్నది కూడా ఒక కారణం. మా బావమరిది సాయానికి వచ్చాడు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి పక్కకు కట్టేశాము.

ముందు వరుస గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ప్రతి ప్లగ్గు తల మీదా రవ్వకు కావలసిన వోల్టేజీ ఇచ్చే కాయిల్ ఒకటి 10 మి.మీ. బోల్టుతో బిగించి ఉంటుంది. కనెక్టరు తీసి, బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి పైకి లాగితే వస్తుంది. ముందు వరుస కాయిళ్లూ వెనక వరుస కాయిళ్లూ ఒకటి కావు కాబట్టి కలిసిపోకుండా ఒక్కోదానికి టేపు అంటించి అంకె వేశాను. బయటికి వచ్చిన నాలుగు ప్లగ్గులూ మంచి స్థితిలోనే ఉన్నాయి. పింగాణీ తెల్లగా ఉంది, అక్షరాలు చెరగలేదు, ముళ్ల చివర లేత గోధుమ రంగు పూత ఉంది. పాత నికెల్ ప్లగ్గులే కనుక ఫీలర్ గేజితో కొలిస్తే ఖాళీ కూడా దాదాపు ఉండవలసినంతే ఉంది. రసీదు ముందు వరుస వరకు నిజమేనన్నమాట.

అసలు పని ఆ తరువాతే మొదలైంది. ముందుగా వైపర్లు ఆగి ఉన్న చోట అద్దం మీద టేపు ముక్కలు అంటించి గుర్తు పెట్టుకున్నాము. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు ఒకటి అద్దం అంచును కొడుతుంది, మరొకటి సగం తుడిచి ఊరుకుంటుంది. వైపరు మొదట్లో ఉన్న మూత ఎత్తి నట్టు విప్పడం సులువే. కానీ పళ్ల చక్రం వంటి ఇరుసు మీద ఏళ్లుగా బిగుసుకుపోయిన వైపరు కాడ ఊడి రావడం అంత సులువు కాదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, కాడను మొదట్లో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపుతూ ఉంటే చివరికి కిర్రుమని వదిలింది. స్క్రూడ్రైవరు దూర్చి తన్నిపెట్టి లేపితే కింద ఉన్న కౌల్ పగులుతుంది, అద్దానికీ ముప్పే.

కౌల్ అంటే అద్దం అడుగున వైపర్ల కింద పరుచుకుని ఉండే నల్లని ప్లాస్టిక్ భాగం. వాన నీటిని పక్కలకు పంపి, ఏసీకి గాలి లోపలికి పోనిచ్చే జాలీ కూడా అదే. దాని ముందు అంచున ఉన్న రబ్బరు పట్టీని ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒలుచుకుంటూ వచ్చాము. క్లిప్పుల మధ్య బొడిపెను ముందు పైకి లాగి, తరువాత క్లిప్పును మొత్తంగా లేపాలి. "బావా, ఇది పట్టుకుంటేనే పొడి అయిపోతోంది" అంటూ బావమరిది మొదటి క్లిప్పు ముక్కలు చూపించాడు. కౌల్ అద్దం కిందికి దూరి ఉండే అంచు దగ్గర మాత్రం ఇద్దరు మనుషులు అవసరం. రెండు చివరలా సమానంగా పట్టుకుని ముందుకు లాగితేనే అది వంగి విరగకుండా బయటికి వస్తుంది. లోపల ఎండిన వేపాకులు, మట్టి, నీరు పోయే రంధ్రాలను పూడ్చేసిన బురద కనిపించాయి. ప్లగ్గుల సంగతి అటుంచి, పాత కారున్న ప్రతివారూ అప్పుడప్పుడు ఇక్కడ ఒకసారి శుభ్రం చేయించుకోవడం మంచిదనిపించింది. ఆ రంధ్రాలు మూసుకుపోతే వాన నీరు కాళ్ల దగ్గరి కార్పెట్ కిందికి చేరుతుంది.

కౌల్ కింద వైపరు మోటారు, దానికి తగిలించిన కడ్డీల అమరిక ఉన్నాయి. కనెక్టరు తీసి, బోల్టులు విప్పి, ఆ అమరికను మొత్తంగా ఎత్తి పక్కన పెట్టాము. దాని అడుగున ఉన్న రేకు భాగాన్ని కూడా 10 మి.మీ. బోల్టులు విప్పి తీశాక, అప్పటిదాకా చేతికి తగలడమే కష్టమైన వెనక వరుస మొదటిసారి కంటికి కనిపించింది. విప్పిన బోల్టులను ఏ భాగానివి ఆ భాగం పేరు రాసిన కాగితం మీదే ఉంచాను. ఒకే పాన పట్టే బోల్టులైనా పొడవుల్లో తేడా ఉంది.

వెనక కాయిళ్ల కనెక్టర్లు ఏళ్ల తరబడి ఇంజను వేడికి ఉడికి పెళుసుగా తయారయ్యాయి. తీగ పట్టుకుని లాగకుండా, గొళ్లెం లాంటి మీటను బొటనవేలితో నొక్కి, కనెక్టరును ముందు కాస్త లోపలికి తోసి తరువాత వెనక్కి లాగితే తేలిగ్గా వచ్చింది. కాయిళ్ల రబ్బరు గొట్టాలు ప్లగ్గులకు గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి. పైకి గుంజడానికి ముందు అటూ ఇటూ తిప్పి ఆ పట్టు వదిలించకపోతే రబ్బరు తెగి సగం లోపలే ఉండిపోతుంది. కాయిళ్లు తీశాక సైకిలు పంపుతో ఒక్కో గుంటలోకి గాలి కొట్టాము. ఎర్రటి తుప్పు పొడి, ఇసుక ఎగిరిపడ్డాయి. అదంతా ప్లగ్గు విప్పాక సిలిండరులోకి రాలితే ఏమవుతుందో ఊహించుకుంటే, ఈ గాలి కొట్టే పనిని ఎవరూ దాటవేయరు.

పానను, రాడ్డును ముందే కలిపి దింపడానికి అక్కడ చోటు చాలదు. పానను ఒంటరిగా గుంటలోకి దించి, తరువాత పొట్టి రాడ్డు, దాని మీద యూనివర్సల్ జాయింటు, ఆపైన పొడుగు రాడ్డు ఒక్కొక్కటిగా తగిలించాను. పాన లోపలి రబ్బరు ప్లగ్గును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, పైకి లాగినప్పుడు రాడ్డు మాత్రమే ఊడి వచ్చి పాన అడుగునే ఉండిపోవచ్చు. అందుకని పాన తల దగ్గరి అతుకు పైకి అందేంతవరకు లేచాక ఆ అతుకుకు టేపు చుట్టాను. యూనివర్సల్ జాయింటు మీద బలం పెట్టేటప్పుడు దాని మెడ ఎక్కువ వంగకుండా ఒక చేత్తో పట్టుకోవాలి. వంగిన మెడతో తిప్పితే బలం పక్కకు పోయి ప్లగ్గు పింగాణీ పగులుతుంది.

మొదటి ప్లగ్గు సులువుగా కదలలేదు. బలవంతం చేయకుండా, పావు చుట్టు కదిలేంత మాత్రమే ఒత్తి, మరల దగ్గర చేరేలా స్ప్రే కొట్టి వదిలేసి మిగతావాటి సంగతి చూశాను. తిరిగి వచ్చాక సగం చుట్టు వదులు చేయడం, మళ్లీ పావు చుట్టు బిగించడం, మళ్లీ వదులు చేయడం, ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే మరల్లో పేరుకున్న మసి పొడిపొడిగా రాలి దారి ఇచ్చింది. ఒకే దిక్కుగా బలం పెట్టి తిప్పేస్తే ఆ మసే ఆకురాయిలా పనిచేసి హెడ్డు మరలను తినేస్తుంది. మరలు పోతే హెలీకాయిల్ అనే తీగ చుట్ట వేసి కొత్త మరలు పోసేవారు ఆటోనగర్‌లో ఉన్నారు గానీ, ఆ వెనక సందులో ఆ పని చేయాలంటే హెడ్డు విప్పక తప్పకపోవచ్చు.

నాలుగూ బయటికి వచ్చాక ముందు నాలుగింటి పక్కన వరుసగా పెట్టి చూశాము. చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. వెనకవాటి ఉక్కు ఒళ్లంతా తుప్పు, అక్షరాలు చెరిగిపోయాయి, చదునుగా ఉండవలసిన మధ్య ముల్లు కొన గుండ్రంగా అరిగిపోయింది, ఖాళీ 1.5 మి.మీ. దాకా పెరిగింది. ఖాళీ పెరిగేకొద్దీ అవతలికి దూకడానికి రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ఏసీ కంప్రెసరు భారం, ఎత్తు ఎక్కే భారం పడి సిలిండరులో ఒత్తిడి హెచ్చినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. కాయిల్ అంత ఇవ్వలేకపోతే రవ్వ పుట్టదు. నా కారుకు సిగ్నల్ దగ్గరా ఘాట్ రోడ్డు మీదా మాత్రమే జబ్బు చేయడానికి కారణం అదీ. పైగా అరిగిన ప్లగ్గులతో ఎక్కువకాలం నడిపితే ఆ అదనపు శ్రమంతా కాయిళ్ల మీద పడి అవి కూడా చెడిపోతాయి; ఎనిమిది కాయిళ్లున్న కారుకు అది చిన్న ఖర్చు కాదు.

రెండు ప్లగ్గుల మీద పింగాణీ ఉక్కులోకి దిగే చోట గోధుమ రంగు మరక ఉంగరంలా ఉంది. దీన్ని చూసి సిలిండరులోంచి గ్యాసు లీకవుతోందని భయపడేవారున్నారు. అధిక వోల్టేజీ వల్ల చుట్టూ ఉన్న గాలిలోని నూనె రేణువులు అక్కడ అంటుకోవడం వల్ల ఏర్పడే మరక అది, హాని లేదు. పింగాణీ మీద నిలువుగా నల్లని సన్నని గీత ఉంటేనే రవ్వ పక్కదారి పట్టిందని అర్థం, అప్పుడు కాయిల్ రబ్బరు గొట్టం లోపల కూడా చూసుకోవాలి. నావాటికి ఆ గీతలు లేవు. ముళ్ల మీద తడి నూనె లేదు, దట్టమైన నల్ల మసి లేదు. ఇంత వయసున్న ఇంజనుకు పిస్టన్ రింగుల విషయంలో ఇది మంచి కబురే.

కొత్త ప్లగ్గును వెనక గుంటలోకి దింపి మరలు పట్టించడం ఈ పని మొత్తంలో అతి సున్నితమైన ఘట్టం. అక్కడ కన్ను పనిచేయదు, వేళ్లు చేరవు. పానతోనే దింపి తిప్పితే, ప్లగ్గు అడ్డంగా పట్టుకున్నా మన చేతికి తెలియదు. పొడవాటి రాడ్డు బలానికి అది అలాగే మరలను కోసుకుంటూ పోతుంది. అందుకే జానెడు పెట్రోలు గొట్టం ముక్క తీసుకుని, దాని కొనకు ప్లగ్గు పై భాగాన్ని దూర్చి, ఆ గొట్టంతోనే లోపలికి దింపాను. ముందుగా అపసవ్యంగా, అంటే విప్పే దిక్కుగా మెల్లగా తిప్పితే ఒక చోట మరల కొసలు ఒకదాని మీద నుంచి మరొకటి జారి టిక్కుమన్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి సవ్యంగా తిప్పాలి. సరిగా పట్టుకుంటే రబ్బరు గొట్టం బలమే చాలు, ప్లగ్గు అడుగు దాకా దిగుతుంది. అడ్డంగా పడితే గొట్టం ప్లగ్గు మీద జారిపోతుంది తప్ప మరలను పాడుచేసేంత బలం దానికి ఉండదు. మూడో సిలిండరు దగ్గర గొట్టం జారింది. బయటికి తీసి, మరలను గుడ్డతో తుడిచి, తిరిగి దింపితే దారిలో పడింది.

మరలకు గ్రీజు లాంటిది పూయాలా అని బావమరిది అడిగాడు. ఇప్పటి ప్లగ్గుల మరలకు తుప్పు పట్టని పూత ముందే ఉంటుంది కనుక తయారీదారులే వద్దంటారు. జిడ్డు పూసిన మరలు సులువుగా జారి, టార్క్ రెంచి చూపే దానికన్నా ఎక్కువ బిగుసుకుంటాయి. పొడిగానే వేసి, పుస్తకం చెప్పిన 18 న్యూటన్-మీటర్లకు బిగించాను. రెంచి సరిగ్గా పట్టని ఒక మూల ప్లగ్గుకు మాత్రం ప్లగ్గు పెట్టె మీది బొమ్మను అనుసరించాను. కొత్త ప్లగ్గు చేతి బలంతో అడుగుకు ఆనాక సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు బిగిస్తే దాని వాషరు సరిపడా నలుగుతుంది. ఆ లెక్క కొత్త వాషరుకే వర్తిస్తుంది. ఒకసారి బిగించి విప్పిన ప్లగ్గును మళ్లీ వేసేటప్పుడు పన్నెండో వంతు చుట్టు చాలు.

కాయిళ్ల రబ్బరు గొట్టాల మూతి లోపల కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి, అంకెల ప్రకారం ఏవి ఎక్కడివో అక్కడే నొక్కాను. కనెక్టర్లు టక్కుమని పట్టుకున్నాయో లేదో వేలితో లాగి చూసుకున్నాను. రేకు, వైపరు మోటారు, కౌల్ తిరిగి బిగించకముందే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేశాము. ఏదైనా తేడా ఉంటే ఇప్పుడైతే చెయ్యి అందుతుంది. బ్యాటరీ తీశాం కనుక కారు కంప్యూటరు ఐడ్లింగును, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగాన్ని మళ్లీ నేర్చుకోవాలి. ఏసీ, లైట్లు అన్నీ ఆపి, రేడియేటరు ఫ్యాను తిరిగేదాకా ఇంజనును 3,000 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి, తరువాత కాలు తీసేసి అయిదు నిమిషాల పాటు దాని మానాన దాన్ని వదిలేశాను. ఆ తరువాత ఏసీ వేస్తే కంప్రెసరు పట్టుకున్నప్పుడు మీటరులో ఆర్పీఎం ముల్లు ఒకసారి కిందికి దిగి వెంటనే కుదురుకుంది. స్టీరింగు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. ఇంతకుముందు ఉన్న వణుకు లేదు.

విప్పడం కన్నా మూయడం త్వరగా అయింది. వైపర్లను టేపు గుర్తుల దగ్గర పెట్టి బిగించాక, పొడి అద్దం మీద కాకుండా తడిపిన అద్దం మీద ఒకసారి తిప్పి చూశాము. కౌల్ రబ్బరు పట్టీ అంచు అంతటా కూర్చున్నదో లేదో తెలియడానికి రెండు బకెట్ల నీళ్లు అద్దం మీద పోసి, నీరు రెండు పక్కల చక్రాల వెనక నుంచి కిందికి కారుతోందా, ఇంజను వైపు పడుతోందా అని చూశాము. లోపల కార్పెట్ ఎత్తి తడిమి చూస్తే పొడిగానే ఉంది.

ఘాట్ రోడ్డు మీద తడబాటు పోయింది. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నింపినప్పుడు లెక్క కట్టే పద్ధతిలో చూస్తే మైలేజీ కొంత మెరుగుపడింది. ఎయిర్ ఫిల్టరు కూడా ఈ మధ్యే మార్చాను కాబట్టి దాన్నంతా ప్లగ్గుల ఖాతాలో వేయను. రసీదు ఇచ్చిన వర్క్‌షాపు దగ్గరికి వెళ్లి అడగమని ఇంట్లో అన్నారు గానీ, చెల్లించినది మొదటి యజమాని కనుక నేను వెళ్లలేదు. ఆయనకు ఎనిమిది ప్లగ్గుల ఫొటో మాత్రం పంపాను. ఇక మీదట నా కారుకు ప్లగ్గులు ఎవరు మార్చినా పాత ఎనిమిదీ చేతికిమ్మని అడుగుతాను. వెనకవి నిజంగా బయటికి తీసిన మనిషికి అది ఇబ్బంది కాదు. సర్వీసు పుస్తకంలో కిలోమీటర్ల అంకె వేసి, దాని ఎదురుగా 'ముందు 4, వెనక 4, ఇరిడియం' అని రాసి పెట్టాను.